దోరజామ రంగు కోసం

కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున మా అత్తయ్య కాఫీ గ్లాసు కింద పెడుతూ, "ఒరేయ్, ఒకసారి ఆ కారులో నన్ను వాడరేవు తీసుకెళ్ళరా. సముద్రంలో కాళ్ళు పెట్టి వస్తాను" అంది మా ఆయనతో. అంతే అడిగింది. ఆవిడ నోరు తెరిచి నాకిది కావాలని అడగడం నా కాపురంలో నేను విన్నది చాలా తక్కువ. చిలకలూరిపేటలో టిఫిన్ తిని బయలుదేరితే పర్చూరు మీదుగా వెళ్ళి, సముద్రం చూసి, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. గుండె కాస్త బలహీనంగా ఉందని డాక్టరు చెప్పాడు గానీ అప్పటికి ఆవిడ కాళ్ళు బానే ఉన్నాయి. పెరట్లో బీరపాదుకి తనే బిందెతో నీళ్ళు మోసి పోసేది.

ఆ కారంటే మా మామగారి పాత ఫియట్. ఆయన పత్తి జిన్నింగు మిల్లులో మేనేజరుగా చేసే రోజుల్లో కొన్నది. మిల్లు పని సర్దుమణిగాక ఏటా ఒకసారి ఇద్దరూ దాంట్లో వాడరేవు వెళ్ళి వచ్చేవారట. మామగారు పోయాక కారు కొన్నేళ్ళు మా బావగారి దగ్గర ఉంది. ఎండకి చల్లగా ఉంటుందని ఆయన దానికి తెల్లరంగు కొట్టించాడు. చల్లబడిందో లేదో తెలియదు, అంబులెన్సులా తయారై మాత్రం మా ఇంటికి తిరిగొచ్చింది. ఇంజను బాగుంది, బ్రేకులు పడుతున్నాయి. ఎక్కి కూర్చుంటే చాలు.

మా ఆయన ఎక్కి కూర్చునే రకం కాదు. "అమ్మ అడిగింది నాన్న కారు. ఈ తెల్ల డబ్బా నాన్న కారా? ముందు దీనికి అసలు రంగు వేయిస్తా. అప్పుడు తీసుకెళ్తా" అన్నాడు. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి ఆ ఏడే రిటైరైన మనిషి. పొద్దున లేచింది మొదలు ఏం చేయాలో తోచక నా వంటింటి డబ్బాలు సర్దుతున్నాడు. పోనీలే, డబ్బాలైనా నా చోట నాకు దొరుకుతాయి అనుకున్నాను.

"ఎన్నాళ్ళు పడుతుందండీ?" అని అడిగాను.

"రంగు వేయడానికి ఎన్నాళ్ళు? ఓ వారం."

నమ్మాను. అక్కడుంది నా తెలివి.

మొదటి చిక్కు, అసలు ఆ రంగేమిటన్నది. కారు ముందు నిలబడి తీయించుకున్న ఫొటోలు ఆల్బంలో ఉన్నాయి గానీ అన్నీ మీద టీ ఒలికినట్టు అయిపోయాయి. బావగారికి ఫోన్ చేస్తే "నీలం కదరా" అన్నాడు. దాని మీద తెల్లరంగు కొట్టించిన మనిషే, కింద ఏముందో చూసుకోలేదు! ఒంగోలులో ఉన్న మా ఆడపడుచు "నీలమేంట్రా, నీ మొహం, చిలకపచ్చ" అంది. బూడిదరంగులో కాస్త ఆకుపచ్చ కలిసినట్టు ఉండేదని మా ఆయన పట్టు. ముగ్గురూ ఆ కారు వెనక సీట్లో పెరిగినవాళ్ళే. నేను పక్కన కూర్చుని మా బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే, ఫోన్ స్పీకరులో పెట్టి గంటసేపు కొట్టుకున్నారు.

అత్తయ్యని అడిగితే తడుముకోకుండా చెప్పింది. "దోరజామకాయ రంగు. పచ్చిదీ కాదు, పండిందీ కాదు. దోర."

ఇంకేముంది, మా ఆయన మార్కెట్టుకి పరిగెత్తాడు. ఒక్కో జామకాయనీ ఎండలో తిప్పి తిప్పి చూస్తుంటే, బండి ఆవిడ "తినడానికా అయ్యగారూ, పూజకా?" అని అడిగిందట. "కారుకి" అన్నాడట ఈయన. ఆ కాయలు సంచిలో వేసుకుని గుంటూరు బస్సెక్కాడు. అక్కడ ఒక రంగుల షాపులో ఏది పెట్టినా దాని రంగు పట్టేసే కంప్యూటరు మిషను ఉందని ఎవరో చెప్పారు. మిషనుకి గుండ్రటి కాయ పడలేదు. తొక్క చెక్కి, చదునుగా పరిచి పెట్టారట. అది లెక్కగట్టిన రంగు కలిపించుకొచ్చి రేకుముక్క మీద పూసి చూపిస్తే, అత్తయ్య ఒక్క చూపు చూసి "ఇది పండిపోయింది" అంది. నిజమే, బస్సు వేడికి కాయలు దారిలోనే పండాయి. ఆ వారమంతా మా ఇంట్లో జామకాయలే. తినలేక వీధిలో అందరికీ పంచాను.

"ముందు ఆవిడని తీసుకెళ్ళి రండి. తర్వాత మీ ఇష్టమొచ్చినన్నాళ్ళు రంగులు కలుపుకోండి" అన్నాను.

"నీకు తెలీదులే" అన్నాడు. ఈ మాటకి మందు లేదు.

తర్వాత పాత కార్ల వాళ్ళ వాట్సప్ గ్రూపులో చేరాడు. ఎక్కడెక్కడి వాళ్ళో ఇదే అసలు రంగంటూ ఫొటోలు పంపేవారు. ఒకే ఫొటో ఆయన ఫోనులో పచ్చగా, నా ఫోనులో నీలంగా కనిపించేది. అన్నం ముందు కూర్చున్నా నా ఫోను లాక్కుని రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసేవాడు. నేను వండింది పప్పో పులుసో కూడా ఆయనకి తెలిసేది కాదు.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి కారు వెనక సీటు వాకిట్లో పడి ఉంది. దాని కింద, ఎప్పటిదో పత్తి పీచు అడుగున, తెల్లరంగు చేరని చోట అరచేయంత పాత రంగు బయటపడిందట. ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఎంత సంబరమంటే, రేకు కోసే కత్తెర తెచ్చి ఆ అరచేయంత ముక్కనీ కోసేశాడు! నాన్న కారు నాన్న కారని ప్రాణం పెట్టే మనిషి, దానికే కన్నం పెట్టి, ఆ ముక్కని జేబురుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మీ నాన్నగారు ఉంటే మీ చేతులు విరిచేవారు" అన్నాను.

"ఆయన ఉంటే ఈ అవసరమే వచ్చేది కాదు" అన్నాడు.

అత్తయ్య కళ్ళద్దాలు పెట్టుకుని ఆ ముక్కని అటూ ఇటూ తిప్పింది. "ఇది సీటు కింది రంగురా. ఎండ మొహం చూడనిది. మీ నాన్న నడిపింది ఇది కాదు" అంది. మా ఆయన మొహం చిన్నబోయింది. ఒక్క "అవును" అంటే ఈవిడ సొమ్మేం పోతుంది అనుకున్నాను. కానీ మా అత్తయ్య సంగతి నాకు తెలియనిదా? నా పెళ్ళైన కొత్తలో నా చేతి పులిహోర తిని, చుట్టాలందరి ముందూ "పులుపు చాలలేదమ్మాయ్" అన్న మనిషి. మెచ్చుకోవాలని ఒక మాట, ఓదార్చాలని ఒక మాట ఆవిడ నోట ఎన్నడూ రాదు. ఉన్నదున్నట్టు అనేస్తుంది.

అయినా మా ఆయన ఆ ముక్కనే పట్టుకుని పెయింటరు దగ్గరికి వెళ్ళాడు. మార్టూరు వైపు హైవే పక్కన రేకుల షెడ్డు అతనిది. మిషన్లంటే అతనికి చులకన. "మిషనుకి కళ్ళుంటాయా సార్? నేను చూసి కలిపేస్తా, మీరు కుర్చీలో కూర్చోండి" అన్నాడట. అలా కూర్చున్న మనిషి సంక్రాంతి దాటినా లేవలేదు. రోజూ పొద్దున వెళ్ళడం, సాయంత్రం కొత్త రంగు పూసిన రేకుముక్క తేవడం, అత్తయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని చూపించడం. "కాదు." మర్నాడు ఇంకోటి. "కాదు." మూడోనాడు "దగ్గరికొచ్చింది, కాదు." మా గోడవారన రేకుముక్కలు పేరుకుపోయాయి. వాటి అంచు గీరుకుని నా చీర ఒకటి చిరిగింది కూడా.

ఈలోగా ఆవిడ కాళ్ళు వాచడం మొదలైంది. పెరట్లోకి వెళ్ళడం మానేసింది. శివరాత్రి నాటికి వాకరు పట్టుకుంటే గానీ గది దాటలేకపోయింది. వాడరేవు మాట మళ్ళీ ఆవిడ ఎత్తలేదు. నేనే ఎత్తేదాన్ని. "రంగు ఒక్కటి కుదరనీ" అనేవాడు మా ఆయన. పాపం, ఆయనకీ భయంగానే ఉంది. భయపడ్డకొద్దీ రంగు మీద ఇంకా పడ్డాడు.

చివరికి నేనే ఉండబట్టలేక అడిగాను. "ఆ రంగు ఎక్కడ పెట్టి చూస్తున్నారు మీరు?"

"షెడ్డులో. ట్యూబులైటు ఉంది."

"ట్యూబులైటు కింద రంగు చూస్తారా ఎవరైనా? మేము బ్లౌజు పీసు కొనేటప్పుడు చీర పట్టుకుని మ్యాచింగ్ సెంటరు గుమ్మంలోకి వస్తాం. బయట వెలుతురులో చూసుకోండి" అన్నాను.

మర్నాడు బడిలో మూడో పీరియడ్ చెబుతుంటే ఫోన్. "దొరికిందే! నువ్వు చెప్పినట్టే బయటికి తెచ్చి చూశాం. మన ముక్కకీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. నువ్వే కరెక్టు!" అని కేకలు. నేను కరెక్టని ఆయన అనడం అదే మొదటిసారి. పిల్లల ముందు నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆ సంబరంలో ఈసారి రేకుముక్క అత్తయ్యకి చూపించకుండానే కారంతా కొట్టించేశాడు. ఉగాది వెళ్ళాక కారు ఇంటికొచ్చింది. గేటు తీసిన నేను తీసినట్టే నిలబడిపోయాను. అది దోరజామా కాదు, సీటు కింది రంగూ కాదు. పచ్చిమామిడి తొక్క. మా ఆయన దిగి, జేబులోంచి రేకుముక్క తీసి బానెట్ మీద పెట్టాడు. రెండిటికీ ఎక్కడా పొంతన లేదు. ఆ ముక్కని కాసేపు అలా చూసి, పొద్దెక్కిన ఆకాశం వైపు చూసి, మెట్టు మీద కూలబడ్డాడు.

"కల్లాలు" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. షెడ్డు చుట్టూ ఉన్న ఖాళీ జాగాలన్నీ ఆ రోజుల్లో మిరప కల్లాలే. నేల కనపడకుండా కాయలు ఆరబోసి ఉంటారు. వీళ్ళిద్దరూ బయట వెలుతురు కోసమని తుమ్ముకుంటూ వెళ్ళి సరిగ్గా ఆ కాయల మధ్య నిలబడి చూశారు. నాలుగు వైపులా ఎరుపు కమ్మితే పచ్చకీ పచ్చకీ తేడా ఏం తెలుస్తుంది? మా వైపు పుట్టినవాళ్ళకి ఆ నెలల్లో కల్లం ఎరుపు కంటికి ఆనదు. దుమ్ములాగా అదీ ఎప్పుడూ ఉండేదే. పెయింటరుకి తట్టలేదు, మా ఆయనకి తట్టలేదు. బయట చూడమన్న నాకూ తట్టలేదు.

"కాంతి పాఠం ఎన్ని బ్యాచ్‌లకి చెప్పారండీ?" అన్నాను. అనకూడదు గానీ, అనేశాను.

"ఇదంతా గీకించేస్తా. మళ్ళీ మొదటి నుంచి..." అని లేవబోయాడు.

అంతలో లోపల్నించి వాకరు చప్పుడు. అత్తయ్య ఒక్కో అడుగే వేసుకుంటూ వరండాలోకి వచ్చి, కారుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. మా ఆయన చేతులు కట్టుకుని, మార్కులు చదివే రోజు పిల్లాడిలా నిలబడ్డాడు. ఈ ఒక్కసారికి ఇదే రంగని అనండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను అనుకున్నాను మనసులో.

"ఇది మీ నాన్న కారు రంగు కాదు" అంది.

"తెలుసమ్మా. మళ్ళీ వేయిస్తా. ఇంకొక్క పది రోజులు ఓపిక పట్టు."

"ఎందుకు? ఆ కారు నాకు గుర్తుందిగా. దాన్ని నువ్వు మళ్ళీ చెయ్యక్కర్లేదు. తలుపు తియ్యి."

మా ఆయన తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగాడు. "మరి ఇన్నాళ్ళూ కాదు, కాదు అంటూ వచ్చావు కదమ్మా?"

"ఇదేనా రంగు అని అడిగావు. కాదు, కాదన్నాను. ఎక్కనన్నానా?"

అరవాలో ఏడవాలో తెలియలేదు నాకు. ఆయన రంగు గురించి తప్ప ఏమీ అడగలేదు. ఆవిడ అడిగినదానికి తప్ప జవాబు చెప్పలేదు. ఇద్దరి మధ్యా చలికాలమంతా పోయింది. కోపమంతా మింగి, లోపలికి వెళ్ళి ఆవిడ మందుల సంచీ, మంచినీళ్ళ సీసా తెచ్చి వెనక సీట్లో కూర్చున్నాను.

వాడరేవులో ఆదివారం జనం. పడవల పక్కన వలల మీద చేపలు ఎండుతున్నాయి. రోడ్డు ఆగిపోయిన చోట కారు ఆపాం. అక్కడి నుంచి నీళ్ళ దాకా ఇసుకే. వాకరు దింపి చూశాం. రెండడుగులకే దాని కాళ్ళు ఇసుకలో దిగబడ్డాయి. అత్తయ్యకి ఆయాసం వచ్చింది. మా ఆయన ఎత్తుకుని తీసుకెళ్తానంటే, "చాల్లే, నలుగురిలో" అని మళ్ళీ సీట్లో కూర్చుని, తలుపు తెరిచి కాళ్ళు బయటికి పెట్టుకుంది. సముద్రం అక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది.

మా ఆయన డిక్కీలోంచి రేడియేటరు నీళ్ళ కోసం ఉంచిన ప్లాస్టిక్ డబ్బా తీసి, పాంటు మడుచుకుని పరిగెత్తాడు. కాలే ఇసుకలో వెళ్ళి, డబ్బా ముంచుకుని, సగం ఒలకబోసుకుంటూ వచ్చి ఆవిడ పాదాల మీద పోశాడు. వాచిన పాదాల మీంచి నీళ్ళు జారి ఇసుకలో ఇంకిపోయాయి. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ తెచ్చాడు. కార్తీకంలో అయితే ఆవిడే నడిచి వెళ్ళేది కదండీ అనే మాట నా నాలుక చివర దాకా వచ్చింది. ఆయన మొహం చూసి ఆగిపోయాను.

డబ్బా పక్కన పెట్టి, ఆవిడ కాళ్ళ దగ్గర ఇసుకలో చతికిలబడి, "అప్పుడే రావాల్సిందమ్మా మనం" అన్నాడు.

"అవును, రావాల్సింది" అంది అత్తయ్య. "ఇంకో డబ్బా పట్రా."