బిర్యానీ, మొహమాటం, ఒక చైనా అక్షరం

ఈ ఉదయం బాల్కనీలో కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తుంటే నాలుగు చుక్కలు గచ్చు మీద పడి చూస్తుండగానే ఆరిపోయాయి. దుబాయ్ దగ్గరి ఈ ఫుజైరా ఎండ అంటే అంతే మరి. ఆ తడి చూడగానే, కరోనా ఆంక్షలు కాస్త సడలిన రోజుల్లో మా పక్క ఫ్లాట్ చైనా ఆవిడ ఇదే గచ్చు మీద తడి కుంచెతో రాసిన అక్షరం గుర్తొచ్చి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

అప్పట్లో ఇంకా శుక్రవారమే సెలవు. పోర్టులో ఉద్యోగం చేసే మా వారు ఆ రోజు గరిటె పట్టి బిర్యానీ వండేవారు. అడుగు మాడేది, పైన పలుకు, మధ్యలో ముద్ద. నెలల తరబడి గదుల్లో మగ్గిన మనవాళ్ళు, నలుగురి ముఖాలు చూస్తే చాలని వచ్చి, మొహమాటానికి మారు అడిగి వేయించుకుని, దుబాయ్ మొత్తంలో ఇలాంటి బిర్యానీ దొరకదన్నా అనేవారు. అదీ నిజమే అనుకోండి! ఈయన పొంగిపోయి, ఉద్యోగం మానేసి హోటల్ పెడతానని కూర్చున్నారు. రాజీనామా ఇస్తే వీసా ఖలాస్. ఆయన వీసా మీదున్న నేనూ, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయీ పెట్టే సర్దుకోవాల్సిందే. నా గుండెల్లో రాయి పడింది గానీ, ఆయన ముఖం చూస్తే నోరు పెగిలేది కాదు.

వచ్చీరాని ఇంగ్లీషులో ఆ గోడు చైనా ఆవిడ దగ్గర వెళ్ళబోసుకుంటే, ఆవిడ కుంచె నీళ్ళలో ముంచి ఒక అక్షరం రాసింది. జియెన్ అని పలకాలట. ఎడమవైపుది మాట, కుడివైపుది వెనకటి కాలంలో కట్టిన మూట బొమ్మట, అందులోంచి మంచివి ఏరడమనే అర్థం దానికి వచ్చిందట. రెండూ కలిస్తే, పెద్దవాళ్ళ తప్పును వాళ్ళ ముఖానే చెప్పడం. పూర్వం వాళ్ళ రాజులు ఆ పనికే అధికారులను పెట్టుకునేవారట, రాజుకు కోపమొస్తే చెప్పినవాడి పని అంతేనట. నువ్వూ మాటలు ఏరుకుని చెప్పు అంది. ఆవిడ చెబుతుండగానే అక్షరం ఆరిపోతే మళ్ళీ రాసింది.

రాజీనామా ఇవ్వడానికి ఆయన బయల్దేరుతున్న పొద్దున, ఇడ్లీ పెడుతూ అన్నాను.

"ఏమండీ, మీ పప్పుచారుకు తిరుగులేదు. బిర్యానీ మాత్రం బాగోదండీ. వాళ్ళొచ్చేది మీ కోసం, దాని కోసం కాదు."

ఆయన తుంచిన ముక్కను తిరిగి పళ్ళెంలో పెట్టేశారు.

"ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదేమే?" అన్నారు.

సాయంత్రం ఉద్యోగంతోనే తిరిగొచ్చారు. కొన్నాళ్ళు గరిటె ముట్టకుండా ఉండి, తర్వాత తనే నవ్వేశారు.

ఇప్పుడా చైనా ఆవిడ భర్త బదిలీతో ఇంకో రేవుకు వెళ్ళిపోయింది, మనవాళ్ళలో కొందరు చమురు కంపెనీ పనులకు రువైస్ చేరారు, కొందరు ఊళ్ళకు పోయారు, అమ్మాయి హాస్టల్లో ఉంది, సెలవు కూడా శని, ఆదివారాలకు మారింది. ఫోన్లో చెబితే వంక పెట్టడానికి లేని బిర్యానీ వేడివేడిగా గుమ్మంలోకి వస్తుంది, ఇద్దరం టీవీ ముందు కూర్చుని తినేస్తాం. ఆ వేళ నిజం చెప్పినందుకు నాకేం విచారం లేదు. కానీ ఆ మాడిన బిర్యానీ చుట్టూ అంతమందిమి మోకాళ్ళు తగిలేలా కూర్చుని, బాగుంది బాగుంది అని అబద్ధాలాడుకున్న శుక్రవారాలు మళ్ళీ రావు కదా అని మాత్రం బెంగగా ఉంటుంది.