శనివారమా, సోమవారమా

పటమటలో మా టైలరింగ్ షాపు షట్టరు ఎత్తి అప్పటికి పావుగంట కూడా కాలేదు. ఒక కస్టమరు ఆటో దిగి, ఆటోని అక్కడే ఆగమని చెప్పి గబగబా లోపలికి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. చల్లపల్లిలో వాళ్ల చెల్లెలి పెళ్లి. పెళ్లికూతురి బ్లౌజులు మూడు, మగ్గం వర్కు చేయించినవి, కుట్టమని పది రోజుల క్రితం నాకిచ్చింది.

"ఇచ్చేయండి ఆంటీ. నాలుగింటికల్లా మేం కారెక్కాలి," అంది.

నాకు నవ్వొచ్చింది. "సోమవారం కదమ్మా నువ్వు చెప్పింది?"

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "సోమవారమేంటి ఆంటీ! రేపు తెల్లవారుజామున ముహూర్తం. శనివారమని మీకు మెసేజ్ కూడా పెట్టాగా!"

నాకు కోపం వచ్చింది. ఇరవై రెండేళ్లుగా కుడుతున్నాను. ఎవరి బట్టలు ఏ రోజు ఇవ్వాలో నేను మర్చిపోను. ఫోను తీసి ఆ వాయిస్ మెసేజ్ పెట్టాను. అందులో ఆ అమ్మాయి గొంతు స్పష్టంగా, గట్టిగానే ఉంది. "...వారం పొద్దున్నే వచ్చి తీసుకుంటానండీ." రెండోసారి పెట్టాను. మూడోసారి చెవికి ఆనించుకుని విన్నాను. నాకు సోమవారమనే వినపడింది.

"చూశావా?" అన్నాను.

ఆమె నా వంక విచిత్రంగా చూసింది. నా పక్క మిషను మీద కుట్టే ఆవిడ తల వంచుకుంది. మా ఆయన అప్పుడే టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. ఫోను ఆయన చేతికిచ్చాను. ఒకసారి విని, నెమ్మదిగా అన్నాడు.

"శనివారమే అంటున్నారు. చాలా క్లియర్‌గా ఉంది."

మూడు బ్లౌజులూ కత్తిరించి, లైనింగు వేసి పెట్టాను. ఒక్కటీ కుట్టలేదు. ఎదురుగా పెళ్లికూతురి అక్క కళ్లనిండా నీళ్లతో నిలబడి ఉంది. గడియారం చూశాను. పదిన్నర.

"ఆటో పంపించెయ్ అమ్మా. ఇక్కడే కూర్చో. మూడున్నరకి మూడూ నీ చేతిలో ఉంటాయి," అన్నాను. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు.

ఆ రోజు కుట్టినట్టు నేను జన్మలో కుట్టలేదు. రెండు మిషన్లూ ఒకేసారి పరిగెత్తాయి. నేను బాడీ, ఆవిడ చేతులు. మా ఆయన ఇస్త్రీ పెట్టె దగ్గర నిలబడ్డాడు. పన్నెండింటికి మొదటిది అయ్యింది. అన్నం తినడానికి ఎవరూ లేవలేదు. రెండింటికి రెండోది. హుక్కులు కుట్టడానికి చేతులు చాలకపోతే మా ఆయన అద్దాలు పెట్టుకుని, నాలుక బయట పెట్టి, మొదటిసారి సూది పట్టాడు. మొదటి హుక్కు తలకిందులుగా కుట్టాడు. ఏడుపు ముఖంతో కూర్చున్న పెళ్లికూతురి అక్క అది చూసి ఫక్కున నవ్వి, "ఇటివ్వండి అంకుల్," అని తనే అందుకుంది. మూడూ ఇరవై అయిదుకి ఆఖరి దారం తెంపాను. ఆ పిల్ల నన్ను వాటేసుకుని, కవరు పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. మేం ముగ్గురం పరీక్ష పాసైన పిల్లల్లా ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వాం.

నవ్వు తగ్గాక మా ఆయన అన్నాడు. "సోమవారం చెవుల డాక్టరు దగ్గరికెళ్దాం."

"నాకు బాగానే వినపడుతోందండీ. జనమే మాట నమిలి మింగేస్తున్నారు."

ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ బొగ్గు పొడిచేసే మిల్లుల హోరు మధ్య పనిచేసేవాళ్లకి ప్రతి ఏడాదీ చెవులు పరీక్ష చేసేవారు.

"మాతో పనిచేసిన వాళ్లు కూడా మొదట ఇదే మాట అనేవాళ్లు. శబ్దం వినపడుద్ది, మాట అర్థం కాదు. టీవీ సౌండు నువ్వు ఎంత పెడతావో ఎప్పుడైనా చూశావా? నేను వెనక నుంచి పిలిస్తే ఎన్నిసార్లు పలికావు?"

సోమవారం ఆయనతో వెళ్లాను.

డాక్టరు గారు పెద్దావిడ. లైటు పెట్టి చెవిలోకి చూసి, "ఏం పెట్టి తిప్పుతారమ్మా?" అని అడిగారు.

మెడలో గొలుసుకి వేలాడే పిన్నీసు గబుక్కున పైటలోకి తోశాను. ఆవిడ చూడనే చూశారు. దాంతోపాటు అగ్గిపుల్లకి దూది చుట్టి తిప్పే సంగతి, దురదపెడితే వెల్లుల్లి కాచిన కొబ్బరినూనె వేసుకునే సంగతి అన్నీ ఒప్పుకున్నాను.

"గులిమిని చెవి తనంతట తనే బయటికి పంపిస్తుంది. మీరు దాన్ని లోపలికి తోసి గట్టిగా దట్టించారు. కుడి చెవి పూర్తిగా మూసుకుపోయింది. కర్ణభేరికి చిల్లేదైనా ఉండి నూనె పోసుంటే చీము పట్టేది. బయటికి కనిపించినంత మేరే తడిగుడ్డతో తుడుచుకోండి. లోపలికి ఏదీ పెట్టకండి," అన్నారు.

చిన్న గొట్టంతో ఆవిడ దాన్ని లాగేశారు. టప్‌మని శబ్దమైంది. ఆ వెంటనే గదిలోని ఫ్యాను, బయట వరండాలో చెప్పుల చప్పుడు, నా పట్టుచీర గరగర, అన్నీ ఒక్కసారి కుడి చెవిలోకి దూకాయి. ఉలిక్కిపడ్డాను. "అయిపోయిందండీ! వచ్చేసింది!" అని కుర్చీలోంచి లేచాను.

"కూర్చోండి. టెస్టు చేశాక సంబరపడదాం," అన్నారు డాక్టరు గారు.

పక్క గదిలో అల్మరా లాంటి చిన్న గది. గోడలకి మందంగా స్పాంజి. తలుపు వేశాక నా ఊపిరి నాకే వినపడింది. హెడ్‌ఫోన్లు పెట్టి, బీప్ శబ్దం వినపడినప్పుడల్లా బటను నొక్కమన్నారు. బొంగురు శబ్దాలకి టకటకా నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. యంత్రం ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదు. సన్నటి శబ్దాలు వస్తూనే ఉన్నాయి. నాకే అందలేదు.

పరీక్ష చేసిన అమ్మాయి నోటికి ఫైలు అడ్డం పెట్టుకుని మాటలు చెప్పింది. నేను తిరిగి చెప్పాలి. ఒక మాట నాకు "ఊది" అని వినపడింది. అదే చెప్పాను. ఆమె ఫైలు దించి, "సూది అండీ," అంది.

పొద్దున లేస్తే నా వేళ్ల మధ్య ఉండే వస్తువు.

"ఆ, ఊ లాంటివి మీకు బాగా అందుతున్నాయి. స, శ, చ, త లాంటి సన్నటి శబ్దాలు రెండు చెవుల్లోనూ తగ్గాయి. అందుకే శబ్దం వినపడినా మాట తేలట్లేదు. ఇన్నాళ్లూ సగం మాట పెదాలు చూసి నింపుకున్నారు," అని ఆ అమ్మాయి కాగితం మీద గీత చూపించింది. గీత సగం దాకా బాగానే వెళ్లి, అక్కణ్ణుంచి మెట్లు దిగినట్టు దిగిపోయింది. మిషన్ల రొదవల్లా, వయసువల్లా అంటే ఇదమిత్థంగా చెప్పలేమని, గులిమి తీసినంతమాత్రాన ఇది పోదని డాక్టరు గారు చెప్పారు. చెవికి మిషను పెట్టుకుంటే మంచిదన్నారు.

"చెవిటి మిషనా!" అన్నాను. "కస్టమర్లు ఏమనుకుంటారండీ?"

"మీరు అద్దాలు పెట్టుకున్నారుగా. ఏమన్నా అనుకున్నారా?" అంది ఆ అమ్మాయి. "ఊరికే పెట్టి చూడండి. నచ్చకపోతే తీసేద్దాం."

చిక్కుడుగింజంత ఉంది. చెవి వెనక పెట్టి, సన్నటి తీగ లోపలికి తిప్పి, కంప్యూటర్లో ఏదో నొక్కింది. మొదట నా గాజుల గలగల వినపడింది. చెయ్యి కదపడం మానేసి, మళ్లీ కదిపాను. అది నా గాజులదేనని నమ్మకం కుదరలేదు. అప్పుడు తట్టింది. బ్యాగులోంచి ఫోను లాగి ఆ వాయిస్ మెసేజ్ పెట్టాను.

"శనివారం పొద్దున్నే వచ్చి తీసుకుంటానండీ."

"శ!" అని అరిచాను. "శ అంటోందండీ! శనివారం అంటోంది!" వరండాలో కూర్చున్న మా ఆయన కంగారుగా తలుపు తోసుకుని వచ్చాడు. ఆయనకీ వినిపించాను. ఆయన ఎప్పుడో విన్నదే అయినా, మొదటిసారి విన్నవాడిలా తల ఊపాడు. ఆ అమ్మాయికి కూడా కళ్లు చెమర్చాయి.

రెండు చెవులకీ మిషన్లు కొనుక్కున్నాను. కానీ అక్కడితో కథ సుఖాంతమని చెప్పలేను. బయటికి రాగానే బెంజి సర్కిల్ దగ్గర బస్సు హారను నా తలని రెండుగా చీల్చింది. ఇంట్లో కుళాయి, పోపు, గిన్నెలు అన్నీ మీద పడ్డాయి. నా గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది. మూడో రోజు రెండింటినీ పీకి సొరుగులో పెట్టాను. ఆ అమ్మాయికి ఫోను చేస్తే, "రోజుకి రెండు మూడు గంటలతో మొదలుపెట్టండి. ముందు ఇంట్లో, తర్వాత షాపులో. మెదడు ఆ శబ్దాలు మర్చిపోయింది, అలవాటు చెయ్యాలి," అంది. వెళ్తే సౌండు సరిచేసింది. మన విజయవాడ చెమటకి తడవకుండా పొడిగుడ్డతో తుడవమని, రాత్రి తీసి పొడి డబ్బాలో పెట్టమని, స్నానానికి ముందు తప్పకుండా తియ్యమని చెప్పింది. నెల తిరిగేసరికి అవి పెట్టుకున్న సంగతే మర్చిపోయి, ఓ రోజు వాటితోనే తలస్నానానికి వెళ్లబోయాను. మా ఆయన వెనక నుంచి మామూలు గొంతుతో, "చెవులు!" అన్నాడు. పలికాను. ఆగాను. ఇద్దరం నవ్వుకున్నాం.

షాపులో కుట్టు మిషన్ల కింద మందపాటి రబ్బరు పట్టీలు వేయించాను. రొద బాగా తగ్గింది. పక్కావిడ చేత కూడా చెవులు పరీక్ష చేయించాను. ఆవిడవి బాగానే ఉన్నాయి. అయినా అగ్గిపుల్లలు మాన్పించాను.

మొన్న ఒక రిటైరైన టీచరు గారు జాకెట్టు గుడ్డ తెచ్చారు. కొత్త కస్టమరు. టేపు పట్టుకుని, "చేతులు పొడుగు పెట్టమంటారా, పొట్టివా అండీ?" అని అడిగాను.

"అవునండీ," అన్నారావిడ, చిరునవ్వుతో, నా పెదాల వైపు చూస్తూ.

ఆ అవునండీ నాకు బాగా తెలుసు. నేనూ ఎన్నో ఏళ్లు అదే అన్నాను. నాకు ఒళ్లంతా ఉత్సాహం వచ్చేసింది. పక్కావిడ మిషను ఆపించాను. ఆవిడకి ఎదురుగా, వెలుతురు నా ముఖం మీద పడేట్టు కూర్చుని, జుట్టు పక్కకి తీసి చెవి వెనక మిషను చూపించాను. ఆవిడ నవ్వు మాని దగ్గరికి వంగి చూశారు.

"అది పెట్టుకుంటే నొప్పిగా ఉంటుందా అండీ?" అని నెమ్మదిగా అడిగారు.

"లేదండీ," అన్నాను. "రేపు పొద్దున పదింటికి రండి. మనిద్దరం ఆటోలో మా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం. ముందు నేను మాట్లాడతాను."

"పదింటికా?" అన్నారావిడ. తప్పు విన్నారేమోనని పది వేళ్లూ చూపించాను. ఆవిడ కూడా నవ్వుతూ పది వేళ్లూ ఎత్తి చూపించారు.