గోడకు వేలాడిన రెండు డిస్కులు

మా వీధిలో ఆవిడను అందరూ స్క్రూడ్రైవరక్క అంటారు. కొప్పులో పువ్వుకు బదులు స్క్రూడ్రైవర్ గుచ్చుకుంటుంది మరి. ఆవిడ కంప్యూటర్ రిపేర్ గదీ, నా జిరాక్స్ షాపూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. మనిషి మంచిదే కానీ క్షమించే రకం కాదు. అందుకే నాకు ఇష్టం.

ఆరేళ్ల క్రితం అక్క ఎదుటి షాపులో పనిచేసేది. దాని యజమానిని వీధంతా గురువుగారంటుంది. ఒకరోజు ఫొటో స్టూడియో బాబాయి కంప్యూటర్ రిపేరుకొచ్చింది. గురువుగారు చెప్పినట్టే అక్క మదర్‌బోర్డు మీదుండే నాణెమంత బ్యాటరీ మార్చింది. అంతే, ఫొటోలున్న రెండు డిస్కులూ కంప్యూటర్‌కు కనిపించకుండా పోయాయి. బాబాయి చనిపోయిన భార్య ఫొటోలన్నీ వాటిలోనే ఉన్నాయి. కాసేపు చూడనివ్వమని అక్క ఎంత బతిమాలినా, "నీ చేతుల్లోనే కాలిపోయాయి, ఇంక ముట్టుకోకు" అని గురువుగారు అందరి ముందూ గెంటేశాడు. ఆ డిస్కుల్ని తీగకు కట్టి కౌంటరు వెనక గోడకు వేలాడదీశాడు. కింద ఒక కాగితం: "పని రానివాళ్లకు అప్పజెపితే ఇంతే." బాబాయి బోర్డు మాత్రం చక్కగా తన కంప్యూటర్లో బిగించుకున్నాడు!

రెండేళ్లు అక్క సొంతంగా తెరిచిన గదిలో పనిలేక ఈగలు తోలుకుంది. అప్పుడే అలాంటి బోర్డు ఇంకోటి చేతికొచ్చి అసలు సంగతి తెలిసింది. దానిమీద మూలనున్న రెండు నీలం సాకెట్లకు వేరే కంట్రోలర్ చిప్పు ఉంటుంది; బాబాయి డిస్కులు తగిలించి ఉన్నది అలాంటి వాటికే. బ్యాటరీ తీస్తే బోర్డు సెట్టింగులన్నీ మరిచిపోయి ఆ చిప్పును ఆపేస్తుంది. డిస్కులు బాగానే ఉంటాయి, బోర్డుకే కనిపించవు. ఆ మాట చెప్పబోతే గురువుగారు గుమ్మం ఎక్కనివ్వలేదు, బాబాయి మొహం తిప్పుకున్నాడు. అక్క నోరు మూసుకుంది కానీ మరిచిపోలేదు.

మొన్న గురువుగారు తన కంప్యూటర్లో ఇంకో డిస్కు పెట్టబోయాడు. ఖాళీగా ఉన్నవి నీలం సాకెట్లే. డిస్కు కనిపించలేదు. మూడు రోజులు కుస్తీ పట్టి, చివరికి అక్క గది ముందు నిలబడ్డాడు.

"కాస్త చూసిపెడతావా అమ్మాయ్?"

"చూస్తానండీ. ముందు బాబాయిని కూడా పిలవండి."

నేను షట్టర్ సగం దించి వాళ్ల వెంట గురువుగారి షాపుకు నడిచాను. ఇలాంటివి రోజూ దొరకవు.

అక్క సెట్టింగుల తెర తెరిచి ఒక వరుస మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించింది. "చదవండి గురువుగారూ. గట్టిగా."

"అదనపు కంట్రోలర్... ఆఫ్."

"ఆరేళ్ల నుంచీ ఆఫే. ఇది బాబాయి బోర్డే కదూ?"

అక్క ఆ కంట్రోలర్‌ను ఆన్ చేసి, జంట డిస్కుల పద్ధతికి మార్చింది. "ఇప్పుడు ఆ గోడ మీదివి దించండి."

నీలం సాకెట్‌కు తగిలిస్తే మొదటి డిస్కు తిరగలేదు. "రెండింట్లోనూ అవే ఫొటోలు. ఒకటి చాలు" అంది అక్క. రెండోది తిరిగింది. తెరమీద ఒకావిడ ఎండకు కళ్లు చికిలించి నవ్వుతోంది.

బాబాయి చాలాసేపు చూశాడు. తర్వాత గురువుగారి వైపు తిరిగాడు. "ఎన్నిసార్లొచ్చి ఈ కౌంటరు దగ్గర కూర్చున్నాను! నా ఎదురుగానే వేలాడదీశావా దీన్ని?"

గురువుగారు తల దించుకుని, గోడకు మిగిలిన ఖాళీ తీగ విప్పబోయాడు.

"తియ్యకండి" అంది అక్క. "ఇక్కడేం ఉండేదని ఎవరైనా అడిగితే, మీ నోటితోనే చెప్పండి."

రోజూ పొద్దున్నే షాపు తెరవగానే వెళ్లి నేనే అడుగుతున్నాను.