తనిఖీ రోజు ఆ కుర్చీలో

నా చిన్నప్పుడు, నాలుగో తరగతిలో ఉండగా, కుడి దవడ పన్ను పుచ్చి అన్నం నమలాలంటే ఏడుపొచ్చేది. అప్పుడు మేం కొత్తపేటలో పండ్ల మార్కెట్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్లం. మా నాన్న నల్లగొండ పల్లె నుంచి వచ్చి లారీ నడిపేవాడు. పక్క వాటాలో ఉండే కృష్ణా జిల్లా వాళ్లమ్మాయి పళ్ల డాక్టరు చదువు చదివేది. సందంతా ఆమెను అప్పుడే డాక్టరమ్మా అని పిలిచేది. నాకు మాత్రం పక్కింటి అక్క. నాకు జడ వేసేది, లెక్కలు చెప్పేది.

అక్క కాలేజీని ఎంచింది వాళ్ల నాన్నగారు. ఊరి బయట, హైవే దాటాక, అద్దాల మేడ. చూడ్డానికి వెళ్లిన రోజునే వరసగా ఉన్న కొత్త కుర్చీలు, వాటి మీద మెరిసే దీపాలు చూసి మురిసిపోయారట. ఆ కుర్చీలు ఖాళీగా ఎందుకున్నాయని మాత్రం అడగలేదు.

ఒకరోజు పొద్దున మా సందు మొదట్లో బస్సు ఆగింది. పళ్లు ఉత్తగనే చూస్తరు, పగటన్నం పెడతరు అని ఒకాయన ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. అమ్మ సంబరపడింది. "పా బిడ్డా, మన అక్క కాలేజే అంట. నీ పన్ను ఆమెనే చూస్తది" అంది. మీర్‌పేట్‌లో ఎక్కినవాళ్లతో బస్సు అప్పటికే సగం నిండి ఉంది. దారిలో ఆ మనిషే అందరికీ ఒక మాట నేర్పాడు. ఎవరన్నా అడిగితే ఎప్పుడూ గీడికే ఒస్తమని చెప్పాలె.

అది కాలేజీకి అనుమతి ఇవ్వాలా వద్దా అని చూసే తనిఖీ రోజు. నన్ను కూర్చోబెట్టిన కుర్చీ దగ్గర తెల్లకోటులో అక్కే ఉంది. మమ్మల్ని చూసి ఆమె ముఖం పాలిపోయింది. పలకరించలేదు. నాకు కోపమొచ్చింది.

తనిఖీకి వచ్చిన పెద్దాయన కుర్చీలన్నీ చూస్తూ నా దగ్గర ఆగాడు. నోరు తెరిపించి చూసి, ఈ పన్ను తీసెయ్యాలి, మీరు తీయండి, నేను చూస్తాను అన్నాడు అక్కతో. ఆయన వెనక నిలబడ్డ ప్రొఫెసరు కానివ్వమని కళ్లతోనే చెప్పాడు. అక్క మత్తు సూది చేతిలోకి తీసుకుంది. నా నోటి దాకా తెచ్చిన సూదిని తిరిగి పళ్లెంలో పెట్టేసింది.

"నాకు రాదు సార్" అంది. "నాలుగేళ్లలో ఒక్క పన్నే తీశాను. అదీ మా సార్ చెయ్యి పట్టుకుంటేనే. ఇక్కడికి పేషెంట్లు రారు. వీళ్లందర్నీ ఇవాళ బస్సులో తెచ్చారు. ఈ పిల్ల మా పక్కింటి పిల్ల. దీని నోట్లో నేను నేర్చుకోలేను."

పెద్దాయన ఏదో రాసుకుని తర్వాతి కుర్చీకి వెళ్లిపోయాడు. కాసేపటికి ఆయన, ప్రొఫెసరు నవ్వుకుంటూ భోజనానికి వెళ్లడం చూశాను. నా పన్ను ఎవరూ ముట్టుకోలేదు. తిరుగు బస్సులో అమ్మ, "గా పిల్ల జర నోరు మూసుకుంటే ఏం పోతుండె" అని విసుక్కుంది.

మర్నాడు అక్కే నన్ను సర్కారు దవాఖానకు తీసుకెళ్లింది. పాతబడ్డ గది, బయట వరండా పొడుగునా జనం. ఒక ముసలి డాక్టరమ్మ కబుర్లు చెబుతూనే నా పన్ను తీసేసింది. అక్క నన్ను చూడలేదు, ఆవిడ మణికట్టునే చూస్తూ నిలబడింది. ఆ తర్వాత సెలవు దొరికితే చాలు అక్కడికే వెళ్లి, బతిమాలుకుని ఆవిడ పక్కన నిలబడి నేర్చుకుంది. చెయ్యి కుదిరింది కూడా.

కానీ చివరి ఏడాది ప్రాక్టికల్స్‌లో ఆమెను ఫెయిల్ చేశారు. మళ్లీ రాస్తే మళ్లీ ఫెయిల్ చేశారు. మూడోసారీ అంతే. కాలేజీకి అనుమతి మాత్రం ఆగలేదు, ఇంకో అంతస్తు కూడా లేచింది. వాళ్ల నాన్నగారు అక్కతో మాట్లాడటం మానేశారు. ఆమె చదువు వదిలేసి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జువాలజీ చెప్పడానికి చేరింది. ఆమె పాఠం విన్నవాళ్లు ఎందరో డాక్టర్లయ్యారు. వాళ్లలో నేనూ ఒకదాన్ని.

నాకు పళ్ల డాక్టరు చదువుకు ర్యాంకొచ్చినప్పుడు కాలేజీలు చూపించడానికి అక్కే వెంట వచ్చింది. ముందుగా చెప్పకుండా, మామూలు రోజున, పొద్దున్నే వెళ్లాం. మేడల వైపు చూడనివ్వలేదు. వరండాలో ఎంతమంది కూర్చున్నారో చూడమంది. పైఏడాది పిల్లల్ని పక్కకు పిలిచి, మీ చేత్తో ఎన్ని పళ్లు తీశారని అడగమంది. చేరాక కూడా, పక్కన నిలబడి చూస్తే సరిపోదు, నేను చేస్తానని అడుగు, తిట్టినా అడుగు అనేది.

ఇప్పుడు ఎల్‌బీ నగర్‌లో నా క్లినిక్ మొదలై చాలా ఏళ్లయింది. నా చేతికి లొంగని కేసు వస్తే నాకు రాదని చెప్పి, ఆ పని వచ్చినవాళ్ల దగ్గరికి పంపిస్తాను. అందుకు నన్నెవరూ ఏమీ అనరు, పైగా ఎంత నిజాయితీ అని మెచ్చుకుంటారు. మెచ్చుకున్న ప్రతిసారీ నాకు సిగ్గేస్తుంది. నా పన్ను కోసం ఆ మాట అన్నందుకే అక్క డాక్టరు కాలేకపోయింది.