ఇరవై రెండు డిగ్రీల దగ్గర నిలవని మోటారు

దయ్యాల మాట ఎత్తితే లేచి పక్క గదిలోకి వెళ్లిపోయే మనిషిని నేను. భయంతో కాదు, విసుగుతో. ఇరవై ఆరేళ్లుగా డైరీ రాస్తున్నాను. సమయం, కొలత, సాక్షి లేని సంగతికి అందులో చోటివ్వను. ఇక్కడ చెబుతున్నది ఆ డైరీలో రాసుకున్నదే.

సినిమా షూటింగులకు పాత వాహనాలు, పడవలు, యంత్రాలు అద్దెకిచ్చే గోడౌన్ ఒకటి ఫిల్మ్ నగర్‌లో మాకుంది. మొన్నటి వేసవిలో ఒక చిత్రానికి మోటారు పడవ కావాలన్నారు. పడవ పూర్తి వేగంతో ఒడ్డు వైపు దూసుకొచ్చి, నడుంలోతు నీళ్లలో నిలబడిన నటుడికి పదిహేను అడుగుల దూరంలో పక్కకు తిరగాలి. దాన్ని నడపవలసినవాడు కిశోర్, నా భార్య వసంతకు ఒక్కగానొక్క తమ్ముడు.

వెనక బిగించే మోటారుతో నడిచే పడవకు చుక్కాని ఉండదు. మోటారు తోసే బలమే దాన్ని తిప్పుతుంది. మలుపు మధ్యలో ఆ బలం తగ్గితే పడవ తిరగదు, నేరుగా పోతుంది. నేరుగా మనిషి ఉంటాడు. మా గోడౌన్ నుంచి ఏ యంత్రం బయటికి వెళ్లాలన్నా 'పనికొస్తుంది' అని రిజిస్టరులో నేను సంతకం పెట్టాలి. ఈసారి ఆ సంతకం మీద రెండు ప్రాణాలున్నాయి.

మోటారును గోదావరి లంకల్లో రాఘవులు అనే ఆయన దగ్గర కొన్నాం. పాతదే అయినా శుభ్రంగా ఉంది. మా ఆవరణలోని సిమెంటు తొట్టిలో నీళ్లు నింపి నడిపి చూస్తే సగం వేగం దాకా బాగానే ఉండేది. ఆపైన తడబడేది, దగ్గేది, పొగ కక్కేది.

టోలిచౌకి నుంచి ఖలీల్ భాయ్ వచ్చాడు. పదిహేనేళ్లుగా మా ఇంజన్లన్నీ చూసేది ఆయనే. రెండు సిలిండర్ల ఒత్తిడీ సమానంగా ఉంది. ప్లగ్గులు కొత్తవి వేశాడు, కాయిల్స్ మార్చి చూశాడు, కార్బరేటర్ కడిగాడు. ఫ్లైవీల్‌ను పట్టి ఉంచే చిన్న ఇనుప చీలిక అరిగితే నిప్పురవ్వ పడే సమయం మారిపోతుందట. దాన్నీ విప్పి చూశాడు. చెక్కుచెదరలేదు.

చివరికి లోపం టైమింగులో తేలింది. ఈ రకం మోటారులో చేతిపిడి తిప్పితే పెట్రోలు పెరగడంతో పాటు నిప్పురవ్వ పడే సమయమూ ముందుకు జరుగుతుంది. పిడి పూర్తిగా తిప్పినప్పుడు అది ఇరవై రెండు డిగ్రీలు ఉండాలి. ఇందులో పదహారు దగ్గరే ఆగిపోతోంది. అక్కడ అడ్డంగా ఉండే స్క్రూను ఎవరో కావాలనే లోపలికి బిగించారు. ఖలీల్ భాయ్ దాన్ని వెనక్కి తీసి ఇరవై రెండుకు సరిచేశాడు. మోటారు హాయిగా పాడింది.

మర్నాడు ఉదయం చూస్తే మళ్లీ పదహారు. సరిచేశాం. ఆ మర్నాడు ఉదయం మళ్లీ పదహారే.

అప్పటికే గోడౌన్‌లో దయ్యమంటూ గుసగుసలు మొదలయ్యాయి. నేను ఒక్కొక్కరినీ పిలిచి అడిగాను. షూటింగు సామాను సర్దే మా ప్రాపర్టీ మనిషి సత్యం నిర్భయంగా ఒప్పుకున్నాడు. వస్తువు గోడౌన్‌కు వచ్చిన రోజు ఫొటోలు తీస్తాం. సాయంత్రం ప్యాకప్ అయ్యాక ప్రతి వస్తువునూ ఆ ఫొటోలో ఉన్నట్టే సర్దడం మా వృత్తిలో ప్రాణంతో సమానం. మొదటి ఫొటోలో స్క్రూ ఎన్ని మరలు బయటికి కనిపిస్తోందో లెక్కపెట్టి, రోజూ సాయంత్రం అతనే అలా బిగించి వెళ్తున్నాడు.

"కంటిన్యుయిటీ తప్పితే మీరే కదండీ తిడతారు," అన్నాడు సత్యం.

అందరం నవ్వుకున్నాం. ఆ రోజు డైరీలో 'దయ్యం పేరు సత్యం' అని రాసుకున్నాను. స్క్రూను ఇరవై రెండు దగ్గర బిగించి, దాని మీద ఎర్ర రంగు గీత గీయించాను. రంగు పగలకుండా ఆ స్క్రూ కదలదు.

అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది.

బుధవారం ఉదయం పది నలభైకి చివరి పరీక్ష పెట్టుకున్నాం. తొట్టి గట్టు మీద కిశోర్ పిడి పట్టుకుని కూర్చున్నాడు. ఖలీల్ భాయ్ టైమింగ్ లైటును ఫ్లైవీల్ మీదికి పట్టాడు. ఆ లైటు వెలిగినప్పుడల్లా చక్రం మీద డిగ్రీల గీతలు నిలిచిపోయినట్టు కనిపిస్తాయి. నేను గడియారం చూస్తూ అంకెలు రాసుకుంటున్నాను.

ఇరవై రెండుకు చేరింది. పదకొండు సెకన్లు నిలిచింది. తర్వాత ఇరవై, పద్దెనిమిది, పదహారు. మోటారు తడబడింది. పిడి వదలొద్దని కిశోర్‌ను మందలించాను. వదలలేదన్నాడు. రెండోసారి తొమ్మిది సెకన్లు, మూడోసారి పన్నెండు. ప్రతిసారీ పదహారు దగ్గరే ఆగింది. ఎర్ర గీత ఎక్కడా పగల్లేదు.

నాలుగోసారి పిడి నేను పట్టుకున్నాను. నలభై సెకన్లు గడిచినా ఇరవై రెండు కదల్లేదు. ఖలీల్ భాయ్ పట్టుకున్నాడు. కదల్లేదు. మళ్లీ కిశోర్ పట్టుకోగానే పది సెకన్లకు పదహారుకు పడిపోయింది.

కిశోర్ మోటారు ఆపేశాడు. నా వైపు చూడకుండా తన అరచేతిని చూసుకుంటూ మాట్లాడాడు.

"నేను వదలట్లేదు బావా. నా చేతి మీద ఇంకో చెయ్యి ఉన్నట్టుంది. గట్టిగా ఏం కాదు. పిల్లలకి నేర్పేటప్పుడు పడతాం చూడు, అలా."

ఖలీల్ భాయ్ లైటు కింద పెట్టాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు. "సార్, మెషిన్ల ఏం లోపం లేదు. నాకు తెలిసింది గంతే. కొన్నకాడ జర అడుగుండ్రి."

పదకొండున్నరకు రాఘవులుకు ఫోన్ చేశాను. చెయ్యి సంగతి ఆయనకు చెప్పలేదు. దీన్ని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే ఆ తర్వాత నన్ను నేను చాలాసార్లు అనుమానించుకున్నాను. స్క్రూ ఎవరు బిగించారని మాత్రమే అడిగాను.

మోటారు తన తమ్ముడిదన్నాడు. రెండేళ్ల కింద కామెర్లతో ఇంట్లోనే పోయాడట. నీళ్లలో ఏ ప్రమాదమూ జరగలేదట.

"స్క్రూ వాడే బిగించాడండీ. కుర్రాళ్లెవరైనా స్పీడుగా తోలితే వాడికి పడేది కాదు. ఎనకాల కూర్చుని చేతి మీద చెయ్యేసి తగ్గించేసేవాడు. అందరి మీదా కాదండీ. ఇష్టమైనోళ్ల మీదే."

పెన్ను చేతిలోనే ఉంది. ఆ మాటలు అన్నవి అన్నట్టే రాసుకున్నాను.

ఆ సాయంత్రం రిజిస్టరులో 'పనికిరాదు' అని రాసి సంతకం పెట్టాను. కారణం గడి ఖాళీగా వదిలేశాను. ఇన్నేళ్లలో అది మొదటిసారి. జూబ్లీ హిల్స్ ఆఫీసులో ప్రొడక్షన్ మేనేజరు ఆ గడి మీద వేలు పెట్టి చూపించాడు.

"సార్, రిజెక్ట్ చేశారు, ఓకే. రీజన్ ఏం రాసుకోమంటారు? దిష్టి తగిలిందనా?"

నేను రిజిస్టరు మూసేసి లేచాను. మోటారును మర్నాడే లారీలో రాఘవులుకు తిప్పి పంపించాను. షూటింగుకు మరోచోటి నుంచి కొత్త మోటారు తెప్పించారు. దాన్ని నేనే పరీక్షించాను. కిశోర్ చేతిలోనూ ఐదు నిమిషాలు నడిచింది, అంకె కదల్లేదు. నిశ్చింతగా సంతకం పెట్టాను.

శనివారం జలాశయం దగ్గర నటుడు నీళ్లలోకి దిగకముందే రిహార్సల్ చేశారు. నటుడి చోట ఒక ప్లాస్టిక్ డబ్బా తేలుతోంది. మొదటిసారి పడవ మలుపు దగ్గర మందగించి, తిరగకుండా డబ్బాను గుద్దింది. రెండోసారీ అంతే. నేను పరుగున వెళ్లి పడవను ఒడ్డుకు తెప్పించాను. కొత్త మోటారులోనూ లోపమా అని అడిగాను.

కిశోర్ పిడి మీంచి చెయ్యి తీసేశాడు. "మోటారు బాగానే ఉంది బావా. ఇప్పుడు నా చేతి మీద ఎవరూ లేరు. నా చెయ్యే వెనక్కి తిప్పేస్తోంది."

అతన్ని పడవ దింపేశాను. ఆ షాటులో పడవను వేరే మనిషి నడిపాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

కిశోర్‌ను నరాల వైద్యుడికి చూపించాం. చేతిలో ఏ దోషమూ లేదన్నారు. తొట్టి దగ్గర ఆ పదకొండు సెకన్లు నేను పొరబడ్డానేమో, కిశోర్ భయపడి తానే తగ్గించాడేమో, రాఘవులు మాట కేవలం కాకతాళీయమేమో. మూడూ విడివిడిగా సాధ్యమే. మూడూ కలిపి చూస్తే నాకు లెక్క కుదరడం లేదు. ఇప్పటికీ కుదరలేదు.

మొన్న ఆదివారం కిశోర్ వసంతను తన బండి మీద బజారుకు తీసుకెళ్లి తెచ్చాడు. వసంత సంచీలు లోపల పెడుతూ, వీడికి ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందనీ, ఫిల్మ్ నగర్ దిగుడులో కూడా ముప్పై దాటనివ్వలేదనీ మెచ్చుకుంది.

కిశోర్ గుమ్మంలోనే నిలబడి నా వైపు చూశాడు. కుడి చేతిని జేబులోంచి తీయలేదు. వసంతకు మేమింకా చెప్పలేదు.