స్టెన్‌హుల్ట్ రేకు మీద ఆఖరి వరస

ఆగస్టు మొదటి ఆదివారం ఇంకా మూడు వారాలుందనగానే దాగ్నీకి కాళ్ళూ చేతులూ ఆడడం మానేశాయి. యాభయ్యేళ్ళుగా బన్నులు చేస్తున్న మనిషి, పిండిలో యాలకుల పొడి వేసిన సంగతి మరిచిపోయి రెండోసారి వేసింది.

కారణం హోల్గెర్ మాస్టారు. బడి నుంచి రిటైరయ్యాక ఆ మనిషి ఇంట్లో కూర్చోవచ్చు కదా! కూర్చోడు. ఊరి పాత ఇళ్ళ సంఘానికి పెద్దయి, చర్చి పుస్తకాలు ముందేసుకుని, ఏ ఇంట్లో ఎప్పుడు ఎవరున్నారో తవ్వి తీస్తాడు. ఏటా ఒక ఇంటి చరిత్ర పసుపు రేకు మీద రాసి, ఆ ఆదివారం గుమ్మం ముందు పాతిస్తాడు. ఊరంతా కాఫీ ఫ్లాస్కులు పట్టుకుని నడిచొస్తారు. ఇప్పుడా ఇంట్లో ఉన్నవాళ్ళే ఆ రేకును అందరి ముందూ పైకి చదవాలి. ఈ ఏడు వంతు స్టెన్‌హుల్ట్ ఇంటిది, అంటే దాగ్నీది.

దాగ్నీకి డెబ్బై రెండేళ్ళు. స్మోలాండ్ అడవి అంచున ఉన్న ఆ ఎర్రచెక్కల ఇంట్లోనే పుట్టింది. ముప్పయ్యేళ్ళు ఆ చుట్టుపక్కల ఉత్తరాలు పంచింది. ఏ గడప తొక్కినా 'స్టెన్‌హుల్ట్ వాళ్ళమ్మాయి' అని పిలిచి కాఫీ పోసేవాళ్ళు. ఇల్లు కట్టిన ఔగుస్త్ తన తాత అనీ, ఆయన గుబురు కనుబొమలే తనకొచ్చాయనీ గోడ మీది ఫోటో చూపించి మరీ చెప్పేది. అబద్ధం. శుద్ధ అబద్ధం.

ఔగుస్త్, లోవీసా దంపతులకు పిల్లల్లేరు. దాగ్నీ తల్లి హుల్డా ఆరేళ్ళప్పుడు వేలంలో ఆ ఇంటికి వచ్చింది. అప్పట్లో దిక్కులేని పిల్లల్ని ఊరి సభలో నిలబెట్టి, ఊరి సొమ్ము అందరికంటే తక్కువ తీసుకుని సాకుతామన్నవాళ్ళకు అప్పగించేవారు. హుల్డా ఆ ఇంట్లో గొడ్డుచాకిరీ చేసింది, ఆ ముసలివాళ్ళను చివరిదాకా చూసుకుంది. ఇల్లు ఆమెకే రాసిపోయారు. యజమానురాలైనా హుల్డా ఏనాడూ బల్ల దగ్గర కూర్చుని తినలేదు. పోయేదాకా పొయ్యి పక్కన నిలబడే తింది. ఎందుకని కూతురు అడిగితే ఒక్కసారే చెప్పింది. "నేను వేలం పిల్లనే. ఈ మాట బయటికి పొక్కితే నా మీద ఒట్టు."

మాస్టారు చిత్తుప్రతి తెచ్చి చూపించిన రోజు దాగ్నీ గుండెల్లో రాయి పడింది. ఆఖరి వరసలో ఉంది: 'హుల్డా, వేలం బిడ్డ, 1915 నుంచి.'

"మాస్టారూ, ఆ వరస తీసెయ్యండి."

"ఎందుకమ్మా? పుస్తకంలో ఉన్నదేగా రాశాను."

"నేను ఊళ్ళో తలెత్తుకు తిరగొద్దా? మా అమ్మ ఒట్టేయించుకుంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇప్పటికి పన్నెండు ఇళ్ళకి రాశాను దాగ్నీ. ఒక్క పేరూ మింగలేదు."

"ఇదొక్కటీ మింగండి. మీకు పుణ్యముంటుంది."

ఆయన కాయితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ మూడు వారాలూ దాగ్నీ తిన్నది ఒంటికి పట్టలేదు. మాస్టారికి ఫోన్ చెయ్యబోయి రెండుసార్లు పెట్టేసింది. పక్కింటి బార్బ్రో కంచె మీదుగా ఆట పట్టించేది. "ఏమే దాగ్నీ, మీ తాత కనుబొమల సంగతి కూడా రాశాడా మాస్టారు?" దాగ్నీ నవ్వలేక నవ్వేది.

ఆదివారం పొద్దున్నే నలభై మంది వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. మాస్టారు గుడ్డ తీశాడు. దాగ్నీ ముందు ఆఖరి వరసే వెతికింది. తల్లి పేరు లేదు. దాని చోటు ఖాళీగా ఉంది. అమ్మయ్య, బతికాను అనుకుంది.

గొంతు సవరించుకుని చదివింది. ఔగుస్త్ ఇల్లు కట్టడం, లోవీసా కాపురానికి రావడం, ఔగుస్త్ పోవడం, 1943లో లోవీసా పోవడం. "1944, దాగ్నీ పుట్టుక."

"అదేంటే," అంది బార్బ్రో, "మీ అమ్మ ఏదీ?"

మాస్టారు తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. తెరిచిన కిటికీలోంచి వంటింటి పొయ్యి కనిపించింది. దాని పక్కనే అమ్మ నిలబడి తినేది. ఇంట్లో కూర్చోడానికి చోటు దొరకని మనిషికి రేకు మీద నిలబడే చోటు కూడా లేకుండా చేశాను కదా అనుకుంది దాగ్నీ.

"తీసెయ్యమంది నేనే," అంది. "మా అమ్మ ఔగుస్త్ కూతురు కాదు. ఆరేళ్ళ పిల్లని వేలం వేస్తే, అందరికంటే తక్కువకి ఒప్పుకుంది ఈ ఇల్లే. నేను ఇన్నేళ్ళూ మీకు అబద్ధం చెప్పాను."



"మరి ఆ కనుబొమలో?" అంది బార్బ్రో మెల్లగా.

"అవి మా అమ్మవి."

మాస్టారు సంచిలోంచి రంగు సీసా, సన్న కుంచె తీశాడు. ఇంటినుంచే తెచ్చుకున్నాడు మహానుభావుడు. ఖాళీ వరస ముందు వంగి, "'ఇంటి కూతురు' అని రాద్దామా?" అన్నాడు.

"వద్దు. పుస్తకంలో ఎలా ఉందో అలాగే రాయండి."

'హుల్డా, వేలం బిడ్డ, 1915 నుంచి' అని రాసి కుంచె ఆపాడు. "ఎప్పటిదాకా?"

"1993. డెబ్బై ఎనిమిదేళ్ళు. అంతకాలం ఈ ఇంట్లో ఇంకెవరున్నారో చూసి చెప్పండి మాస్టారూ."

నలభై మందీ దగ్గరికొచ్చి రేకును పైనుంచి కిందిదాకా చదివారు. ఎవరూ లేరు.