ఆరని అలుకు

మొన్న మా మనవడు కొత్తగా వేయించిన గచ్చు మీద, గోడవారగా అరచేతి మేర చెమ్మ కనిపించేసరికి వంగి చెయ్యి వేసి చూశాను. సున్నం ఇంకా పచ్చిగా ఉందని వాడు నవ్వేసి పోయాడు గాని, అమలాపురం చుట్టుపక్కల మట్టిగోడల మధ్య కాపురాలు చేసిన నా ఈడువాళ్ళకి ఆ మరక సంగతి వేరే చెప్పక్కరలేదు.

ఆనకట్ట కట్టి మా ఊళ్ళోకి కాలవ తెచ్చిన కొత్తలో నేను కాపురానికి వచ్చాను. ఐదు బారల తాడు వేస్తేగాని అందని నూతినీళ్ళు రెండు బారలకే అందుతూంటే, గంగమ్మ తల్లి తనంత తానే నడిచి ఇంటికొచ్చిందని మామగారు నూతికి పసుపూ కుంకుమా పెట్టించారు. ఆ తల్లి నూతి దగ్గరే ఆగుతుందనుకున్నాం. అదీ మా తెలివి!

ఆ ఏడే మా ఆడపడుచు పురిటికి వచ్చి పడమటి గదిలో మగపిల్లాణ్ణి కంది. ఆ ఇంట్లో నన్ను నోరారా పేరు పెట్టి పిలిచింది ఆవిడొక్కతే. పురుడు వెళ్ళినప్పటి నుంచి ఆ గది అలికి ముగ్గు వెయ్యడం నా పని. ఎంత పలచగా అలికినా ఆ నేల ఆరదు, పొద్దున్న వేసిన ముగ్గు మధ్యాహ్నానికి కరిగిపోతుంది.

"పేడనీళ్ళు కుమ్మరిస్తున్నావటే? బాలింతకి రొంప పడితే మీ పుట్టింటోళ్ళొచ్చి చూస్తారా?" అని అత్తగారు వీధిలో నలుగురూ వినేలా కడిగేశారు.

"ఆయ్, రేపట్నించి తగ్గిస్తానండి" అని తలొంచుకున్నాను గాని, ఉక్రోషం ఆగక మూడు రోజులు ఆ గది అలకనేలేదు. చేతులకి కాస్త పేడ పూసుకుని బయటికి వచ్చేదాన్ని. ఆడపడుచు చూసి కిసుక్కున నవ్వి, ఎవరికీ చెప్పనులే అని సైగ చేసేది.

మూడోనాడు గోడవారగా చెయ్యి వేస్తే అరచెయ్యంతా తడి. గోడ మొదట్లో వేలితో గిల్లితే మట్టి ముద్దగా ఊడివచ్చింది. నీళ్ళు నా చేతిలోంచి కాదు, నేలలోంచి వస్తున్నాయని అప్పుడు నాకొక్కదానికే తెలిసింది. ఆ మాట చెప్పాలంటే మూడు రోజులుగా అలకలేదని ఒప్పుకోవాలి. అత్తగారి నోరు తలుచుకుని, రేపు చెబుదాంలే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఆడపడుచు పిల్లాణ్ణి నా ఒళ్ళో పెట్టి, కాస్త నడుం వాలుస్తానని లోపలికి వెళ్ళింది. పడమటి గోడ మొదలంటా కుంగి గదిలోకి ఒరిగిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు, నా ఒళ్ళో పిల్లాడు నిద్ర లేవనే లేదు. మట్టి తవ్వి తీసేసరికి మనిషి లేదు.

ఇప్పుడు కాలవ పుణ్యమా అని రెండు పంటలు, ఇటుక గోడలు, గచ్చు నేలలు. అలుకు ఆరలేదని కోడళ్ళని ఆడిపోసుకునేవాళ్ళూ లేరు. మంచిదే. అయినా తెల్లారి లేవగానే నేల మీద చెయ్యి వేసి చూడనిదే నాకు తోచదు.

తల్లిలేని ఆ పిల్లాణ్ణి నేనే పెంచాను. గచ్చు వేయించినవాడు వాడి కొడుకే. చెమ్మ ఆరేదాకా ఆ గదిలో ఎవరూ పడుకోవద్దని నేను గుమ్మానికి అడ్డంగా కూర్చుంటే, నేను పెంచిన ఆ పిల్లాడే నెరిసిన తలతో వచ్చి నా పక్కన చతికిలబడి, ఎందుకమ్మా నీకంత హడలు అని అడిగాడు.

రేపు చెబుతాలే నాయనా, అన్నాను.